200 ఆంప్స్ మిషన్ ప్లేటు మీద 60 శాతం అని ఉంది. పీడబ్ల్యూఎం అంటే కరెంటు కోసి ఇవ్వడమేనా?

గేట్లపని_ఆర్మూర్
ఆదివారం, రాత్రి 8:12

అందరికీ నమస్తే. ఆర్మూర్ దగ్గర మాది గేట్లు, గ్రిల్స్ షాపు. పదకొండేళ్లు ఆయిల్ వెల్డింగ్ మిషన్ మీదే పనిచేశాను, అదే, నూనెలో మునిగిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మూడు వారాల కింద సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ తెచ్చాను, 200 ఆంప్స్‌ది. పొద్దున పూట 3.15 రాడ్‌తో చక్కగా నడుస్తుంది, మా పిల్లోడు కూడా టాకాలు వేసేస్తున్నాడు. సాయంత్రమయ్యేసరికే గొడవ. 4 ఎంఎం రాడ్ పెట్టి నాబ్ 160 దగ్గరికి తిప్పితే ఆర్క్, అదే రాడ్ చివర వెలిగే మంట, పట్టినట్టే పట్టి తెగిపోతుంది. చెయ్యి కాస్త పైకి లేచినా అంతే, ఆరిపోతుంది. అప్పుడప్పుడు ముందున్న పసుపు లైటు మిణుక్కుమంటుంది.

అమ్మినాయన్ని అడిగితే "ఇది పీడబ్ల్యూఎం టెక్నాలజీ, చెయ్యి అలవాటు కావాలి" అన్నాడు. వెనక ప్లేటు మీద 200 ఆంప్స్ 60 శాతం, 155 ఆంప్స్ 100 శాతం అని ఉంది. 60 శాతం అంటే 200లో 120 మాత్రమే ఇస్తుందా? అట్లయితే 155 ఎక్కడిది? పీడబ్ల్యూఎం అంటే కరెంటును ముక్కలు చేసి ఇవ్వడమేనని పక్క షాపాయన అంటున్నాడు. ముక్కలు చేస్తే ఇక పవర్ ఏముంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టకుండా.


స్పార్క్_రాజా
ఆదివారం, రాత్రి 8:31

సింపుల్ బ్రో. పీడబ్ల్యూఎం అంటే పల్స్ విడ్త్ మాడ్యులేషన్, ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్. డ్యూటీ సైకిల్ 60 శాతం అంటే నూటికి అరవై పాళ్లు ఆన్, నలభై పాళ్లు ఆఫ్. అంటే నీకు వచ్చేది 120 ఆంప్సే. కంపెనీలన్నీ ఇట్లాగే బోర్డు మీద పెద్ద నంబర్ రాసి అమ్ముతాయి. 4 ఎంఎం రాడ్‌కి 120 చాలదు, అందుకే ఆరిపోతోంది. 300 ఆంప్స్ మిషన్ తీసుకో.


పాలిటెక్నిక్_ఫైనలియర్
ఆదివారం, రాత్రి 8:58

రాజా గారూ, ఏమీ అనుకోకండి, అది తప్పు. మా క్లాసులో కూడా సగం మంది ఇక్కడే పడిపోయారు, నేను కూడా. డ్యూటీ సైకిల్ అనే మాట వెల్డింగ్ మిషన్‌లో రెండు చోట్ల వస్తుంది. ఆ రెండింటికీ సంబంధం లేదు.

ప్లేటు మీద ఉన్నది వేడి లెక్క. 10 నిమిషాల వ్యవధిలో ఎన్ని నిమిషాలు ఆగకుండా కాల్చవచ్చు అనేది. 200 ఆంప్స్ 60 శాతం అంటే 200 ఆంప్స్ మీదే 6 నిమిషాలు కాల్చి, 4 నిమిషాలు ఫ్యాను తిరగనివ్వాలి. ఆ 6 నిమిషాలూ వచ్చేది నిండు 200. ఈ పరీక్ష 40 డిగ్రీల గాలిలో చేయాలని ప్రమాణం. 155 కూడా అక్కడి నుంచే వస్తుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 200ని 0.6 వర్గమూలంతో గుణిస్తే 155. ఆ కరెంటు మీద రోజంతా ఆపకుండా కాల్చుకోవచ్చు.

పీడబ్ల్యూఎంలో డ్యూటీ సైకిల్ వేరు. అది మైక్రోసెకన్ల లెక్క, లోపల చిప్ చూసుకునేది. దాన్ని ఏ ప్లేటు మీదా రాయరు, రాయలేరు కూడా. ఎందుకంటే అది మీ చెయ్యి కదిలినప్పుడల్లా మారుతుంది.


స్పార్క్_రాజా
ఆదివారం, రాత్రి 9:04

ఓకే, ప్లేటు సంగతి ఒప్పుకుంటా. కానీ ఆన్ ఆఫ్ అయితే నిజమే కదా? మరి ఆఫ్‌లో ఆర్క్ ఆరిపోవాలి కదా?


విశాఖ_పాతకాపు
ఆదివారం, రాత్రి 9:40

ఇది మంచి ప్రశ్న, దీనికి నేను చెబుతాను. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైర్ అయినవాణ్ణి.

మన ఊళ్లలో చేనుకి నీళ్లు తోడే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజను గుర్తుందా? డుగ్ డుగ్ మంటూ కొట్టేది. అందులో పేలుడు రెండు చుట్లకొకసారే. మధ్యలో ఇంజనుకి బలం ఎక్కడిది? ఫ్లైవీల్‌ది. అందుకే దెబ్బ ఆగి ఆగి పడినా పంపు నీళ్లు ఆగి ఆగి రావు, ధారగానే వస్తాయి. ఇక లోడు పడితే గవర్నరు ఏం చేస్తుంది? వేగం పడిపోకుండా ఒక్కో దెబ్బకి పోసే డీజిల్ పెంచుతుంది. దెబ్బల సంఖ్య అలాగే ఉంటుంది, మారేది ఒక్కో దెబ్బలో ఉన్న సత్తువ.

ఇన్వర్టర్ మిషన్ కూడా అదే. సెకనుకి పడే దెబ్బల సంఖ్య మారదు. ఒక్కో దెబ్బ ఎంతసేపు ఉండాలి అనేదే మారుతుంది. దాన్నే పల్స్ వెడల్పు అంటున్నారు. ఫ్లైవీల్ పని అవుట్‌పుట్‌లో ఉన్న చోక్, అంటే తీగ చుట్ట, చేస్తుంది. దెబ్బ ఆగినప్పుడు కూడా చోక్ తనలో దాచుకున్న కరెంటుని అదే దారిలో తోస్తూనే ఉంటుంది. డయోడ్ల గుండా ఆ చుట్టు పూర్తవుతుంది. అందుకని రాడ్ చివర మీకు దొరికేది ముక్కలు కాదు, సన్నటి అలలున్న డీసీ ధార.

ఇంకో మాట. కరెంటు నిజంగా ఆగి ఆగి వచ్చేది మన పాత ఏసీ ఆయిల్ మిషన్‌లోనే. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, వందసార్లు ఆర్క్ ఆరి మళ్లీ పట్టాలి. ఆ బుర్రుమనే మోత అందుకే. దానితో పదకొండేళ్లు పని చేశావు నాయనా, అప్పుడు ఎవరూ కరెంటు కోస్తున్నారని చెప్పలేదు చూడు.


గేట్లపని_ఆర్మూర్
ఆదివారం, రాత్రి 9:52

పెద్దాయనా, ఇంజను ముచ్చటతో బుర్రకెక్కింది. మా నాయన దగ్గర ఉండేది అట్లాంటి ఇంజను. మరి ఆ దెబ్బలు సెకనుకి ఎన్ని? ఎక్కడ పడతాయి?


పాలిటెక్నిక్_ఫైనలియర్
ఆదివారం, రాత్రి 10:35

నేను ల్యాబ్‌లో చూసింది చెబుతాను. అంకెలు మా దగ్గరున్న మిషన్‌వి, మీదాంట్లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

గోడ నుంచి 230 వోల్టుల ఏసీ వస్తుంది. మొదట బ్రిడ్జి డయోడ్, పెద్ద కెపాసిటర్లు దాన్ని డీసీ చేస్తాయి. 230ని 1.414తో గుణిస్తే దాదాపు 325 వోల్టులు. ఆ డీసీని నాలుగు ఐజీబీటీలు (చాలా వేగంగా ఆన్ ఆఫ్ అయ్యే పవర్ స్విచ్‌లు) అటొకసారి ఇటొకసారి కోసి చిన్న ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. కోత ఇక్కడే, ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు వచ్చే వైపు. మా మిషన్‌లో రెండు వైపుల దెబ్బలూ కలిపి చోక్‌కి సెకనుకి 50 వేలు చేరతాయి. అంటే ఒక్కో దెబ్బకి కేటాయించిన గడువు 20 మైక్రోసెకన్లు. ఆ 20లో ఎంతసేపు ఆన్ ఉంచాలి అన్నదే మొత్తం కథ.

ట్రాన్స్‌ఫార్మర్ 5కి 1 అనుకోండి. సెకండరీలో, అంటే రాడ్ వైపు, 65 వోల్టుల దెబ్బలు వస్తాయి. కడ్డీ వెల్డింగ్‌లో ఆర్క్ వోల్టేజ్‌కి ప్రమాణం వాళ్లు వాడే సూత్రం ఒకటుంది: 20కి, కరెంటులో 0.04 వంతు కలపాలి. 100 ఆంప్స్‌కి 24 వోల్టులు. డయోడ్లు, కేబుళ్లు మింగేది ఒక 3 వేసుకుంటే 27. 65 వోల్టుల దెబ్బ నుంచి సగటున 27 రావాలంటే గడువులో 41.5 శాతం ఆన్ ఉండాలి, అంటే 8.3 మైక్రోసెకన్లు.

గోడ కరెంటు 180కి పడిపోయిందనుకోండి. లోపలి డీసీ 254, సెకండరీ దెబ్బ 51 వోల్టులు. అదే 27 కావాలంటే ఇప్పుడు 53 శాతం, అంటే 10.6 మైక్రోసెకన్లు. చిప్ వెడల్పు పెంచేస్తుంది, రాడ్ దగ్గర మీకేమీ తెలియదు. రాడ్ అంటుకుపోయిందనుకోండి, అక్కడ వోల్టేజ్ దాదాపు సున్నా కాబట్టి వెడల్పు ఒకటి రెండు మైక్రోసెకన్లకి కుదించుకుపోతుంది. నాబ్ తిప్పితే మీరు మార్చేది వెడల్పు కాదు, "ఇంత కరెంటు కావాలి" అనే కోరిక మాత్రమే. వెడల్పు ఎంతో అదే తేల్చుకుంటుంది.


విశాఖ_పాతకాపు
ఆదివారం, రాత్రి 10:50

శభాష్ అమ్మాయీ. ఒక్కటి కలుపుతాను. చెయ్యి వణికి ఆర్క్ పొడవు మారడానికి సెకనులో పదో వంతు పడితే, ఆలోపు 5 వేల దెబ్బలు పడతాయి. కొత్తవాళ్లకి ఇన్వర్టర్ మీద చెయ్యి త్వరగా కుదరడానికి కారణం అదే. నైపుణ్యం పెరిగిందని మురిసిపోకండి.


ఆయిల్_మిషనే_నిజం
సోమవారం, ఉదయం 6:20

ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. నా ఆయిల్ మిషన్ వానలో తడిసింది, లారీ మీంచి పడింది, 19 ఏళ్లయింది, ఇంకా కాలుస్తోంది. మీ ఇన్వర్టర్లో ఒక బల్లి దూరితే ఫినిష్. పైగా రిపేరు చేసేవాడు మా మండలంలో ఒక్కడూ లేడు.


సీరీస్_బల్బు
సోమవారం, ఉదయం 7:45

విజయవాడ ఆటోనగర్లో నా పనే ఈ బోర్డుల రిపేరు. పైనాయన చెప్పిన బల్లి మాట నిజమే, నేను తీసినవి చాలా ఉన్నాయి. కానీ బల్లి కన్నా పెద్ద శత్రువు గ్రైండింగ్ పొడి. మిషన్ పక్కనే కట్టర్ పెట్టి కోస్తారు. ఫ్యాను ఆ ఇనప పొడిని లోపలికి లాగుతుంది. అది బోర్డు మీద పేరుకుని, వానాకాలం చెమ్మ తగిలేసరికి లైన్ల మధ్య దారి వేస్తుంది. నెలకోసారి ప్లగ్ తీసి, కాసేపు ఆగి, గాలి కొట్టండి చాలు.

పీడబ్ల్యూఎం గురించి రిపేరు వైపు నుంచి ఒక మాట. అన్నిటికన్నా ముఖ్యమైనది వెడల్పు కాదు, వెడల్పుల మధ్య ఖాళీ. ఒకే వరసలో పైన ఒక ఐజీబీటీ, కింద ఒక ఐజీబీటీ ఉంటాయి. రెండూ ఒక్క క్షణం కలిసి ఆన్ అయితే 325 వోల్టుల డీసీకి డైరెక్టు షార్ట్. ఢామ్. అందుకే ఒకటి ఆపాక, రెండోది వెలిగించే ముందు ఒకటి రెండు మైక్రోసెకన్లు రెండూ ఆపి ఉంచుతారు. దాన్ని డెడ్ టైమ్ అంటారు. చాలా మిషన్లలో వచ్చే ఎస్‌జీ3525 చిప్‌లో 5, 7 కాళ్ల మధ్య రెసిస్టర్ ఈ ఖాళీని నిర్ణయిస్తుంది. నేర్చుకునే కుర్రాళ్లు పేలిన ఐజీబీటీ మార్చేసి, దాని గేటు రెసిస్టర్, జీనర్ చూడకుండా పవర్ ఇస్తారు. కొత్తవి కూడా అరక్షణంలో పోతాయి. నా మొదటి సంవత్సరం జీతం సగం అలాగే కాలిపోయింది.

నా పేరు చూశారుగా. ఏ మిషన్‌కైనా మొదటి పవర్ 100 వాట్ల సీరీస్ బల్బు గుండానే. బల్బు ఒక్కసారి వెలిగి మసకబడితే కెపాసిటర్లు నిండాయని అర్థం. వెలుగు అలాగే ఉండిపోతే లోపల షార్ట్, ఆపెయ్యాలి. షాపువాళ్లు మాత్రం మూత తీయకండి. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా డీసీ కూర్చుని ఉంటుంది.


పాలిటెక్నిక్_ఫైనలియర్
సోమవారం, ఉదయం 8:05

అన్నా, ఒక డౌటు. ఆసిలోస్కోప్‌తో ఐజీబీటీ గేటు పల్సులు చూడాలంటే మీరెలా చూస్తారు? మా సార్ ప్రైమరీ వైపు ముట్టుకోనివ్వలేదు.


సీరీస్_బల్బు
సోమవారం, ఉదయం 8:22

మీ సార్‌కి దండం పెట్టమ్మా. స్కోప్ క్లిప్ లోపల ఎర్త్‌కి కలిసి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ప్రైమరీకి తగిలిస్తే స్కోపూ పోతుంది, బోర్డూ పోతుంది. నేను మెయిన్ పవర్ ఇవ్వను. కంట్రోల్ బోర్డుకి విడిగా 24 వోల్టుల సప్లై పెట్టి, పెద్ద డీసీ లేకుండా పల్సులు మాత్రమే చూస్తాను. రెండు వైపుల వెడల్పూ సమానంగా ఉందా, మధ్యలో ఖాళీ ఉందా, అంతే. పవర్ ఉండగా చూడాలంటే డిఫరెన్షియల్ ప్రోబ్ కావాలి.


దమ్మామ్_తెలుగోడు
సోమవారం, ఉదయం 11:10

సౌదీ నుంచి. నాకు వేరే కన్ఫ్యూజన్. మా టిగ్ మిషన్‌లో (టంగ్‌స్టన్ కడ్డీతో, గ్యాస్ కింద చేసే వెల్డింగ్) పల్స్ అని స్విచ్ ఉంది. పీక్ 110, బేస్ 40, సెకనుకి 2 సార్లు పెట్టి స్టెయిన్‌లెస్ పైపులు చేస్తాం. ఇది పీడబ్ల్యూఎమ్మేనా? ఇంకోటి, ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్. ఇండియా నుంచి తెచ్చిన మిషన్‌కి తేడా వస్తుందా?


విశాఖ_పాతకాపు
సోమవారం, మధ్యాహ్నం 12:30

కాదు తమ్ముడూ. నీ పల్స్ స్విచ్ మార్చేది ఆర్క్ కరెంటునే. పీక్‌లో గుంట కరిగి, బేస్‌లో కాస్త చల్లబడి, నాణేల వరసలా బీడ్ పడుతుంది. అది నీ కంటికి కనిపించే పల్స్. పీడబ్ల్యూఎం దాని కింద పని చేస్తుంది. 110 నిలబెట్టడానికి ఒక వెడల్పు, 40 నిలబెట్టడానికి ఇంకో వెడల్పు, అంతా అదే చూసుకుంటుంది. నీ రెండు పల్సుల్లో ఒక్కోదాని కింద వేల దెబ్బలుంటాయి.

60 హెర్ట్జ్ గురించి దిగులు లేదు. ఇన్వర్టర్ మొదటి పనే డీసీ చేయడం. 50 అయినా 60 అయినా దానికి ఒకటే. వోల్టేజ్ ప్లేటు మీద రాసిన హద్దుల్లో ఉందా లేదా, అది చూసుకో.

మిషన్ బరువు తగ్గడానికి కూడా మూలం ఈ హెర్ట్జ్ దగ్గరే ఉంది. ఎక్కువ సార్లు కోస్తే ఒక్కో కోతకి కోర్‌లో నిలవాల్సిన అయస్కాంతం తగ్గిపోతుంది, కోర్ చిన్నదైపోతుంది. 50 హెర్ట్జ్‌కి నలుగురు మోసే ఇనుము కావాలి, పదుల వేల హెర్ట్జ్‌కి అరచేతిలో పట్టే ఫెరైట్ చాలు. మా రోజుల్లో మోటారు జనరేటర్ సెట్లని క్రేన్‌తో దించేవాళ్లం. ఈనాడు భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కుతున్నారు. అంత కరెంటుని అంత వేగంగా కోయగలిగే ఐజీబీటీని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉండగా తయారుచేసిన జయంత్ బాలిగా మద్రాసులో పుట్టినవాడే, 1969లో ఐఐటీ మద్రాసు నుంచి బీటెక్. 2024లో ఆయనకి మిలీనియం టెక్నాలజీ ప్రైజ్ ఇచ్చారు. మన షాపుల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ.


ఆయిల్_మిషనే_నిజం
సోమవారం, మధ్యాహ్నం 12:41

ఇంతకీ ఆర్మూరాయన మిషన్ ఎందుకు ఆరిపోతోందో ఒక్కరూ చెప్పలేదు. పాఠాలు మాత్రం చెబుతున్నారు.


సీరీస్_బల్బు
సోమవారం, మధ్యాహ్నం 1:15

అది కరెక్టే.

ఆర్మూర్ అన్నా, మూడు ప్రశ్నలు. మిషన్‌కి కరెంటు ఎక్కడి నుంచి ఎంత దూరం లాగావు, వైరు ఎంత స్క్వేర్ ఎంఎం? 4 ఎంఎం రాడ్ రెండు కాల్చాక ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉందా? సాయంత్రం మీ బోర్డు దగ్గర వోల్టేజ్ ఎంత?


గేట్లపని_ఆర్మూర్
సోమవారం, మధ్యాహ్నం 2:03

మీటరు బోర్డు ఇంటి ముందు, షాపు వెనక వైపు. 40 మీటర్ల వైరు లాగాను, 1.5 స్క్వేర్ రాగి వైరే, మంచి కంపెనీది. మామూలు పెద్ద ప్లగ్, ఏసీలకి పెట్టేది. వేడి అంటే, నిన్న ముట్టుకుంటే చురుక్కుమంది. వోల్టేజ్ సాయంత్రం 200 ఉంటుంది. పొద్దున 230.


పాలిటెక్నిక్_ఫైనలియర్
సోమవారం, మధ్యాహ్నం 2:40

దొరికింది! లెక్క చూడండి.

160 ఆంప్స్‌కి ఆర్క్ 26.4 వోల్టులు, అంటే 4.2 కిలోవాట్లు. మిషన్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే గోడ నుంచి 5 కిలోవాట్లు. ఇలాంటి మామూలు మిషన్లలో కెపాసిటర్లు వోల్టేజ్ శిఖరం దగ్గర మాత్రమే గబుక్కున కరెంటు లాగుతాయి కాబట్టి పవర్ ఫ్యాక్టర్, అంటే లాగినదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు, 0.7 దాకా ఉంటుంది. దాంతో 7.1 కేవీఏ. 230 దగ్గర 31 ఆంప్స్.

1.5 స్క్వేర్ వైరు 40 మీటర్లు, వెళ్లేది వచ్చేది కలిపి 80 మీటర్లు, సుమారు 1 ఓమ్. ఇక్కడే పీడబ్ల్యూఎం ఎదురు తిరుగుతుంది. మామూలు బల్బుకి వోల్టేజ్ తగ్గితే అది తక్కువ కరెంటు తీసుకుని మసకబారి ఊరుకుంటుంది. ఈ మిషన్ ఊరుకోదు. రాడ్ దగ్గర 160 ఆంప్స్ నిలబెట్టాలి కాబట్టి వోల్టేజ్ తగ్గేకొద్దీ పల్స్ వెడల్పు పెంచి గోడ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే వైరులో ఇంకా వోల్టేజ్ పడుతుంది. పడితే ఇంకా లాగుతుంది. బోర్డు దగ్గర 200 ఉంటే ఇది 46 ఆంప్స్ దగ్గర తేలుతుంది. అప్పుడు మిషన్ దగ్గర మిగిలేది 154 వోల్టులు!

154 అంటే లోపల డీసీ 218, సెకండరీ దెబ్బ 44 లోపు. వెడల్పుని పూర్తిగా నింపలేరు, అన్న చెప్పిన డెడ్ టైమ్ వదలాలి. మిగిలేది 39 వోల్టుల దాకా. ఆర్క్‌కి, కేబుళ్లకి 29 దాకా పోతుంది. చెయ్యి కొంచెం లేస్తే ఆర్క్ పొడవు పెరిగి ఇంకో 10 వోల్టులు అడుగుతుంది. చిప్ దగ్గర ఇవ్వడానికి ఇంకేం లేదు, వెడల్పు అప్పటికే చివరికి వచ్చేసింది. ఆరిపోతుంది. పసుపు లైటు లో వోల్టేజ్‌ది అయ్యుండొచ్చు, బుక్‌లో చూడండి.


విశాఖ_పాతకాపు
సోమవారం, మధ్యాహ్నం 3:05

46 వర్గం ఇంటూ 1 ఓమ్, 2,116 వాట్లు. ఆర్మూర్ బాబూ, నీ షాపులో ఒక గీజరు నడుస్తోంది, వైరు రూపంలో. మిగిలిన వైరుని చుట్ట చుట్టి పెట్టావా ఏమిటి కొంపదీసి?


గేట్లపని_ఆర్మూర్
సోమవారం, మధ్యాహ్నం 3:11

పెట్టాను. స్టూలు కింద. ఇప్పుడే వెళ్లి ప్లగ్ పీకేశా.


సీరీస్_బల్బు
సోమవారం, మధ్యాహ్నం 3:30

బతికిపోయావు. చుట్టలో వేడి బయటికి పోదు, ఇన్సులేషన్ కరిగి అంటుకుంటుంది. నాలుగు పనులు చెయ్యి. 6 స్క్వేర్ రాగి వైరు వేయి, వీలైనంత పొట్టిగా. ఆ 16 ఆంప్స్ ప్లగ్ తీసేసి 63 ఆంప్స్ ఇండస్ట్రియల్ ప్లగ్, సాకెట్ పెట్టు, 32ది నీ సాయంత్రం లోడుకి ఆనదు. దానికి విడిగా 40 ఆంప్స్ ఎంసీబీ. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించుకో. ఇంటి సర్వీసు మీద షాపు నడుపుతుంటే లోడు పెంచమని అర్జీ కూడా పెట్టుకో, లేకపోతే సర్వీసు వైరు దగ్గర ఇదే కథ మళ్లీ మొదలవుతుంది.

పనయ్యాక డీసీ కొలిచే క్లాంపు మీటరుతో హోల్డర్ కేబుల్ దగ్గర చూడు. ఏసీ మాత్రమే చూపించే మామూలు క్లాంపు ఇక్కడ పనికిరాదు. నాబ్ మీద 160 ఉన్నంత మాత్రాన మిషన్ అంత ఇస్తోందని నమ్మక్కర్లేదు. ఆ ఒక్క విషయంలో రాజా అనుమానం తీసిపారేయదగ్గది కాదు, 200 అని రాసి 140 ఇచ్చే సరుకు నా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది.


స్పార్క్_రాజా
సోమవారం, మధ్యాహ్నం 3:34

హమ్మయ్య, ఒక్కటన్నా కరెక్టయ్యింది.


ఆయిల్_మిషనే_నిజం
సోమవారం, సాయంత్రం 5:20

నా ఆయిల్ మిషన్ ఇదే వైరు మీద నడిస్తే?


విశాఖ_పాతకాపు
సోమవారం, సాయంత్రం 5:48

దానికి సరిదిద్దే గవర్నరు లేదు. వోల్టేజ్ పడితే అదీ మసకబారుతుంది, మీరు చోక్ తిప్పి పెంచుకుంటారు. అంటే పీడబ్ల్యూఎం చేసే పని మీ చెయ్యి చేస్తుంది, సెకనుకి 50 వేల సార్లు కాకుండా పూటకి రెండు సార్లు. వైరు ఎలాగూ కాలుతుంది. కానీ ఎండలో, వానలో, బ్రిడ్జి పనుల దగ్గర దాన్ని కొట్టేది లేదని నేనూ ఒప్పుకుంటాను.


గేట్లపని_ఆర్మూర్
శుక్రవారం, రాత్రి 8:50

నాలుగు రోజులకి వచ్చాను, క్షమించండి, పెళ్లివారి గేటు ఆర్డరు ఉండె.

పాత వైరు తీసే ముందు ఒకసారి కొలిచాను, అమ్మాయి లెక్క ఎంత నిజమో చూద్దామని, చుట్ట విప్పి నేల మీద పరిచి. బోర్డు దగ్గర 198. ఆర్క్ నిలిచిన ఆ కాసేపట్లో మిషన్ దగ్గర 152. ఎలక్ట్రీషియన్‌ని పెట్టి 6 స్క్వేర్ వేయించాను, గోడకి కన్నం చేసి దగ్గరి దారిలో లాగితే 15 మీటర్లే పట్టింది. ప్లగ్, ఎంసీబీ అన్నీ కొత్తవి. ఇప్పుడు లోడు మీద మిషన్ దగ్గర 193. క్లాంపు మీటరు తెప్పించి చూస్తే నాబ్ 160కి 157 చూపించింది. సాయంత్రం ఏడింటికి 4 ఎంఎం రాడ్‌తో చానల్ జాయింటు మొత్తం ఆగకుండా లాగాను. ప్లగ్ కాస్త గోరువెచ్చగా ఉంది అంతే.


పాలిటెక్నిక్_ఫైనలియర్
శుక్రవారం, రాత్రి 9:02

198 పెట్టి మళ్లీ లెక్క చేశాను అన్నా, 151 వచ్చింది. మీ మీటరు 152. మా సార్‌కి చూపిస్తా, ప్రాజెక్టులో వాడుకోవచ్చా?


గేట్లపని_ఆర్మూర్
శుక్రవారం, రాత్రి 9:10

వాడుకో చెల్లీ. షాపు ఫొటో కావాలన్నా పంపిస్తా. ఆ 40 మీటర్ల పాత వైరు మిగిలింది, బోరు మోటారుకి పెట్టుకోవచ్చా ఎవరన్నా చెప్పండి.


సీరీస్_బల్బు
శుక్రవారం, రాత్రి 9:15

వద్దు. చుట్టలో ఎంత ఉడికిందో ఎవరికి తెలుసు. మధ్యలో నాలుగు చోట్ల వంచి చూడు, ప్లాస్టిక్ పగిలితే తుక్కువాడికి వేసెయ్. పగలకపోతే షాపులో ఫ్యానుకి పెట్టుకో.